పరులకై చేయు మనవి

తిరుపతికి సమీపమున నున్న తిరుచానూరులో పద్మావతీదేవిని సేవించి, తమ కష్టమును ముందుగా ఆమెకు విన్నవించుకొను భక్తులు అనేకులు. అమ్మవారు చెప్పినచో స్వామి కాదనడని వారి నమ్మకము. శ్రీవైష్ణవ శాస్త్రమున దీనికి ‘పురుషకార’మని పేరు. అపరాధి పక్షమున నిలిచి, స్వామి అతనిని దయతో స్వీకరించునట్లు చేయుటయే పురుషకారము. తిరుమల మూలమూర్తి వక్షఃస్థలమున లక్ష్మి నెలకొని యుండుటలో భక్తులు ఈ భావమునే దర్శింతురు.

ఇచట నొక సందేహము కలుగును. దేవుడు దయామయుడే యైనచో, నడుమ నొకరు మనవి చేయనేల? యూదుల ప్రాచీన గ్రంథములను చదువు వారికిని ఈ ప్రశ్న ఎదురగును.

సంఖ్యాకాండము 12వ అధ్యాయములో నొక కథ కలదు. మిర్యాము, అహరోనులు తమ తోబుట్టువైన మోషేను నిందించిరి. దేవుడు అతనితో మాత్రమే మాటలాడెనా, తమతో మాటలాడలేదా యని వారి వాదము. మోషే బదులు పలుకలేదు. దేవుడు కోపించెను, మిర్యామునకు కుష్ఠు సోకెను. అంతట నింద పడిన మోషేయే ఆమెను బాగుచేయుమని మొరపెట్టెను. హీబ్రూ మూలమున ఆ ప్రార్థన అయిదే మాటలు! అయినను శిక్ష పూర్తిగా తొలగలేదు. ఆమె ఏడు దినములు పాళెము వెలుపల నుండవలసి వచ్చెను. కాని ఆమె తిరిగి చేరువరకు జనులు ప్రయాణము సాగింపలేదు. న్యాయము నిలిచినది, దయయు నిలిచినది.

మన గాథలకు వత్తము. తిరుమలనంబి రామానుజులకు ఒక సంవత్సరము తిరుపతిలో రామాయణార్థములను బోధించెనని గురుపరంపర చెప్పుచున్నది. ఆ రామాయణముననే, రావణవధానంతరము, సీతను బాధించిన రాక్షసస్త్రీలను చంపుటకు హనుమంతుడు అనుమతి కోరెను. ఆమె వారించి, తప్పు చేయనివారు లోకమున లేరనెను. పిళ్ళై లోకాచార్యులు తమ శ్రీవచనభూషణమున పురుషకారమునకు ఆమెనే ఆదర్శముగా నిలిపిరి.

ఈ రెండు సంప్రదాయములు ఒక్కటి కావు. మోషే దేవుని సేవకుడైన మానవుడు. లక్ష్మి స్వామిని ఎడబాయని దేవి. అయినను రెంటను మనవి చేసినది బాధపడినవారే. దోషికి దేవుని యెదుట నిలుచు ధైర్యము చాలదు. తాను నొప్పించినవారే తనకై వేడినప్పుడు, క్షమ కలదను విశ్వాసము అతనికి కలుగును. పై సందేహమునకు ఇదియొక సమాధానము.

పెద్దలయెడ గౌరవమునకును మూలమిదియే. బంగారు దూడను పూజించిన జనులను క్షమింపుమని, లేనిచో తన పేరునే తుడిచివేయుమని మోషే దేవుని వేడెను. మంత్రార్థమును అందరికి వెల్లడించినచో నరకము తప్పదని గురువు హెచ్చరించినను, పలువురు తరించుటకై తానొక్కడు నరకమున పడుటకు రామానుజులు సిద్ధపడిరని ప్రసిద్ధి. అట్టివారు గౌరవమును కోరి పుచ్చుకొనలేదు. తిరుమల కాలిబాటలోని మోకాళ్ళపర్వతమును రామానుజులు పాదము మోపక మోకాళ్ళపై ఎక్కిరని నేటికిని యాత్రికులు చెప్పుకొందురు. లోకము తలవంచి నమస్కరించు ఆచార్యుడు, కొండయెదుట తానే ముందుగా వంగెను.