బృందగానాల పోటీ – మన పిల్లల పాట

యూరోవిజన్ అనగానే మనవాళ్ళకు తళుకుల దుస్తులు, వేదిక మీద పొగ, అర్ధరాత్రి దాకా సాగే ఓట్ల లెక్కింపు గుర్తుకొస్తాయి. యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య బృందగానాలకు కూడా ఒక టెలివిజన్ పోటీ పెట్టిందని మనలో చాలామందికి తెలియదు. మొదటిది 2017 జూలై 22న లాట్వియా రాజధాని రీగాలో జరిగింది. రెండవది 2019 ఆగస్టు 3న స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ దగ్గర జరిగింది. అవి చూశాక తోచిన సంగతులు నాలుగు మన సభ్యులతో చెప్పుకుందామని ఈ వ్యాసం.

రీగా పోటీకి తొమ్మిది దేశాల బృందాలు వచ్చాయి. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు. ప్రేక్షకుల ఓట్లు లేవు, ముగ్గురు న్యాయనిర్ణేతలు. వారిలో ఇంగ్లండ్ స్వరకర్త జాన్ రట్టర్ ఒకరు, లాట్వియాకే చెందిన ఒపెరా గాయని ఎలీనా గరాంచా ఒకరు. మొదటి బహుమతి స్లొవేనియా అమ్మాయిల బృందం ‘కార్మెన్ మానెట్’కు వచ్చింది. రెండవది ఎవరికనుకున్నారు? మన పక్క జిల్లా కార్మార్థెన్‌షైర్ అమ్మాయిలకు! బ్రిటన్ పేరుతో కాదు, వేల్స్ పేరుతోనే పాడారు. 2019లో డెన్మార్క్‌కు చెందిన ‘వోకల్ లైన్’ గెలిచింది. వాళ్ళది పాప్, జాజ్ ధోరణి. మైకులు పట్టుకుని నోటితోనే తాళవాద్యాలు, తంత్రులు అన్నీ పలికించేస్తారు. నా మట్టుకు నాకు రీగా పోటీయే ఎక్కువ నచ్చింది. ఇది అభిరుచి సంగతి, వాదనకు రాను.

గెలుపోటముల కంటే నన్ను పట్టుకున్నది ఆ దేశాల పరిమాణం. స్లొవేనియా జనాభా సుమారు 20 లక్షలు. లాట్వియా అంతకన్నా కాస్త తక్కువే. ఎస్టోనియా 13 లక్షల చిల్లర. మన దేశంలో ఒక జిల్లాకు కూడా సరిపోని జనం! ఇంత చిన్న జాతులు ఇంత గొప్పగా ఎలా పాడతాయి? వాళ్ళకు పాట వినోదం మాత్రమే కాదు గనుక.

లాట్వియాలో మొదటి పాటల పండుగ 1873లో జరిగింది. అప్పటికి వాళ్ళకు దేశమూ లేదు, ప్రభుత్వమూ లేదు. ఉన్నది భాషా, పాటానే. సోవియట్ కాలంలోనూ ఆ పండుగ ఆగలేదు గాని, ఏ పాట పాడాలో ఏది కూడదో పైవాళ్ళు నిర్ణయించేవారు. ‘వెలుగుల కోట’ అని యాజెప్స్ వీటల్స్ స్వరపరచిన పాట ఒకటి వుంది. నీట మునిగిన కోట, దాని పేరు ఎవరైనా కనుక్కుని పలికితే మళ్ళీ పైకి లేస్తుందన్నది అందులోని కథ. కథలోని భావం అధికారులకు బాగానే అర్థమయి వుంటుంది. 1985 పండుగలో ఆ పాటను కార్యక్రమంలోంచి తీసేశారు. చివరికి వేలమంది గాయకులు వేదిక దిగకుండా, పక్కన పెట్టివుంచిన వృద్ధ నిర్దేశకుడు హరాల్డ్స్ మెడ్నిస్‌ను పేరెత్తి పిలిచి, ఆయన చేతి కిందనే ఆ పాట పాడారు. తరువాత ఆరేళ్ళకు, 1991లో, దేశం స్వతంత్రమైంది. టెలివిజన్ పోటీ మొదటిసారి రీగాలో జరగడంలో విశేషమేమిటో ఇప్పుడు మీకు తెలిసింది గదా.

వేల్స్ సంగతి మనకు మరీ దగ్గరిది. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ మాట్లాడగలమన్నవారు 5,38,000 మంది, అంటే నూటికి 18 కన్నా తక్కువ. కార్మార్థెన్‌షైర్ అమ్మాయిలను రీగా పోటీలో నిలబెట్టింది ఎస్4సి అనే వెల్ష్ టెలివిజన్. ఆ ఛానెల్ తేరగా రాలేదు. ఇస్తామన్న మాటను ప్రభుత్వం వెనక్కు తీసుకుంటే, 1980లో గ్విన్‌వోర్ ఎవాన్స్ అనే నాయకుడు ఆమరణ నిరాహారదీక్షకు కూర్చుంటానని ప్రకటించాడు. దీక్ష మొదలుకాక ముందే ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరు 1న ప్రసారాలు మొదలయ్యాయి. 1952లో 58 రోజులు ఉపవాసముండి ప్రాణాలు వదిలిన పొట్టి శ్రీరాములుగారిని తలచుకోకుండా తెలుగువాడెవడూ ఈ కథ చదవలేడు.

వైద్యుణ్ణి గనుక ఒక్క మాట నా శాస్త్రంలోంచి చెప్పనివ్వండి. 2013లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, 18 ఏళ్ళ పిల్లలు కొందరిని కలిసి పాడించి వాళ్ళ గుండె వేగం కొలిచారు. పాట నెమ్మదిగా సాగుతూ అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటుంటే, వాళ్ళ గుండెల వేగం కూడా కలిసి పెరుగుతూ కలిసి తగ్గుతూ వచ్చింది. ఇందులో మాయ ఏమీ లేదు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండెను కాస్త నెమ్మదింపజేస్తుంది. పాడడమంటే దీర్ఘంగా ఊపిరి వదలడమే గదా. దీనికి తిరకాసు మరొకటి వుంది. ఒక స్వరాన్ని చాలాసేపు నిలపాలంటే బృందంలోనివారు ఒకరి తరువాత ఒకరు దొంగచాటుగా ఊపిరి తీసుకుంటారు. ఎవరి గొంతు ఎప్పుడు ఆగిందో వినేవారికి తెలియదు.

ఇప్పుడు మన ఉగాది కార్యక్రమం తలచుకోండి. పిల్లలు ఒకరి తరువాత ఒకరు వచ్చి ఒక పద్యం, ఒక కీర్తన. తెరచాటున తల్లి అందిస్తూంటుంది, ముందు వరుసలో తండ్రి వీడియో తీస్తూంటాడు. గొంతూ ధైర్యమూ వున్న ఆరుగురు పిల్లలే ఏటేటా పాడతారు. తక్కినవారు పన్నెండేళ్ళు వచ్చేసరికి సమోసాల బల్ల దగ్గర తేలతారు. మా అమ్మాయి ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. అదే పిల్ల మార్చి 1న, సెయింట్ డేవిడ్ పండుగనాడు, బడిలో ముప్ఫైమంది మధ్య నిలబడి వెల్ష్ పాట తడుముకోకుండా పాడింది. అర్థం సగమే తెలుసునట! గుంపులో వున్నప్పుడు ఉచ్చారణ తప్పినా ఎవరూ నవ్వరు. రెండోసారికి పక్కవాళ్ళను విని తనే దిద్దుకుంటుంది. ఇక్కడి పిల్లల ఐస్టెడ్‌వడ్ పోటీల్లో పద్యాన్ని కూడా గుంపుగా చదివే విభాగం వుంది. వేమన పద్యాలకు ఇంతకన్నా తేలికైన దారి నాకు తోచదు.

‘మనది ఒంటరి గాన సంప్రదాయం’ అని పెద్దలు అంటారు. కొంత నిజమే. తిరువయ్యారులో వందలమంది పంచరత్నాలు కలిసి పాడతారు. 2009లో సికింద్రాబాదు పరేడ్ మైదానంలో లక్షకు పైగా గొంతులు అన్నమయ్య కీర్తనలు పాడాయి. దాన్ని తలపెట్టింది మనబోటి ప్రవాసాంధ్రులే. అయితే అక్కడ అందరిదీ ఒకే వరుస. యూరప్ బృందాలు ఒకే క్షణంలో మూడు నాలుగు వరుసలు పాడతాయి. గమకాలు దట్టంగా వున్న రాగాన్ని ఆ పద్ధతిలోకి దింపితే రాగమూ చెడుతుంది, శ్రుతీ చెడుతుంది. కాని గమకం తక్కువగా వుండే జానపద వరుసలకు ఆ ఇబ్బంది అంతగా లేదు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసు యూత్ కోయర్‌ను స్థాపించి, భారతీయ భాషల పాటలను ఇలా పలు వరుసల్లో పాడించి చూపించారు. అంటే అసాధ్యమేమీ కాదు, మనం పట్టించుకోలేదంతే.

వచ్చే ఉగాదికి మూడు పాటలు అనుకుంటున్నాం: రెండు జానపదాలు, ఒక వేమన పద్యమాల. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలెవరైనా రావచ్చు. గొంతు పరీక్ష లేదు, మొదటి వరుస ఎవరిదన్న పేచీ లేదు, ఎవరికీ సోలో లేదు. పెద్దవాళ్ళలో లోతుగొంతు మగవాళ్ళు కనీసం నలుగురు కావాలి; సిగ్గుపడేవాళ్ళయితే మరీ మంచిది. ఆన్‌కాల్ డ్యూటీలు చూసుకుని ఆదివారం మధ్యాహ్నాల్లో ఏది వీలో కార్యదర్శిగారికి తెలియజేయండి. హార్మోనియం వున్నవారు అది పనిచేస్తోందో లేదో కూడా చెప్పండి.