అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో ఇస్లామీయ ధర్మశాస్త్రం

ఇద్దరు మనుషుల మధ్య లావాదేవీ ఉన్నచోట తగాదాకు అవకాశం ఉంటుంది. ఇరుగుపొరుగు వారి తగాదా అయితే పెద్దమనుషులు కూర్చుని తేలుస్తారు. అలా తేలకపోతే కోర్టు ఉంది. కాని ఒక దేశపు ప్రభుత్వానికీ మరొక దేశపు కంపెనీకీ మధ్య తగాదా వస్తే ఎవరి కోర్టుకు వెళ్ళాలి? కంపెనీ ఆ ప్రభుత్వపు కోర్టును నమ్మదు. ప్రభుత్వం కంపెనీ స్వదేశపు కోర్టుకు తలవంచదు. అందువల్ల ఉభయులూ ఒప్పందంలోనే ఒక షరతు రాసుకుంటారు: తగాదా వచ్చినప్పుడు తాము ఎన్నుకున్న మధ్యవర్తులు విచారిస్తారు, వారి తీర్పుకు ఇద్దరూ కట్టుబడతారు. దీనినే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ అంటారు. మధ్యవర్తులిచ్చే తీర్పు పేరు అవార్డు. 1958 జూన్ 10న న్యూయార్క్‌లో కుదిరిన ఒడంబడిక ప్రకారం ఒక దేశంలో వెలువడిన అవార్డును ఇతర సభ్యదేశాల కోర్టులు, పరిమితమైన కొన్ని కారణాలు ఉంటే తప్ప, అమలు జరపవలసి ఉంటుంది. నేడు ఆ ఒడంబడికలో 170కి పైగా దేశాలున్నాయి.

ఈ పద్ధతి ముస్లింలకు కొత్తది కాదు. అయినప్పటికీ ఇరవయ్యవ శతాబ్దం మధ్యలో, ముస్లిం దేశాల సంపదపైనే జరిగిన విచారణలలో, ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ పనికి చాలదని మధ్యవర్తులు తేల్చివేశారు. ఇలా ఎందుకు జరిగింది? లోపం ధర్మశాస్త్రంలో ఉందా, దానిని వినిపించవలసిన వారిలో ఉందా? నేడు ఆర్బిట్రేషన్‌లో తలెత్తుతున్న అనేక సమస్యలకు ఈ ప్రశ్నే మూలం.

తహ్కీమ్ అంటే ఏమిటి?

ఫిఖ్హ్ గ్రంథాలలో మధ్యవర్తిత్వాన్ని తహ్కీమ్ అనీ, మధ్యవర్తిని హకమ్ అనీ వ్యవహరిస్తారు. భార్యాభర్తల మధ్య చీలిక ఏర్పడుతుందన్న భయం కలిగినప్పుడు అతని తరఫున ఒక హకమ్‌ను, ఆమె తరఫున ఒక హకమ్‌ను నియమించమని దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరా 35వ ఆయతులో ఆదేశం ఉంది. నేటి ఆర్బిట్రేషన్‌లో కూడా సాధారణంగా ఒక్కొక్క పక్షం ఒక్కొక్క మధ్యవర్తిని ఎన్నుకుంటుంది. దైవప్రవక్త (స) ప్రవక్తగా నియుక్తులు కాకముందే, కాబా పునర్నిర్మాణ సమయంలో హజరె అస్వద్‌ను ఎవరు నిలపాలన్న తగాదాను ఖురైష్ తెగలు ఆయన ముందు పెట్టాయి. ఆయన ఒక వస్త్రం పరచి, తెగల పెద్దలందరి చేత దానిని ఎత్తించి తగాదా తీర్చిన వృత్తాంతం పాఠకులకు తెలిసినదే.

హిజ్రీ 37లో సిఫ్ఫీన్ యుద్ధ సందర్భంగా, మనుషులను మధ్యవర్తులుగా నియమించడమే దైవాజ్ఞకు విరుద్ధమని ఖారిజీలు వాదించారు. దంపతుల తగాదాలో హకమ్‌లను నియమించమని దైవగ్రంథమే చెబుతున్నప్పుడు ఉమ్మత్ తగాదాలో అది ఎలా నిషిద్ధమవుతుందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వారిని నిలదీశారు. ఆ తరువాత అహ్లె సున్నత్ ఫుఖహాలు తహ్కీమ్‌ను విస్తారంగా చర్చించారు. హనఫీ మజ్‌హబ్‌లో దాని నియమాలు స్పష్టమైనవి. ఆస్తి హక్కుల తగాదాలకు తహ్కీమ్ చెల్లుతుంది, హుదూద్ శిక్షలకు చెల్లదు. తీర్పు వెలువడేవరకు ఏ పక్షమైనా మధ్యవర్తిని నిరాకరించవచ్చు. వెలువడిన తరువాత అది ఉభయులకూ శిరోధార్యం. అయితే ఆ మధ్యవర్తిని ఒప్పుకొన్నవారికి మాత్రమే అది వర్తిస్తుంది, మూడవవానికి వర్తించదు.

1869 నుండి 1876 వరకు ఉస్మానీ ప్రభుత్వం హనఫీ ఫిఖ్హ్‌ను సెక్షన్ల వారీగా కూర్చి మజల్లా అనే సంహితను వెలువరించింది. అందులో మొత్తం 1851 సెక్షన్లు. చివరి పదకొండు, అనగా 1841 నుండి 1851 వరకు, కేవలం తహ్కీమ్‌కే కేటాయించబడ్డాయి. ఒప్పందాలలో పదాల కన్నా ఉద్దేశానికి విలువనివ్వాలన్న సూత్రం దాని మొదటి పుటల్లోనే కనిపిస్తుంది.

1951: అబూదబీ అవార్డు

1939లో అబూదబీ పాలకుడు షేఖ్ షఖ్‌బూత్ బిన్ సుల్తాన్ ఒక విదేశీ కంపెనీకి 75 సంవత్సరాల పాటు చమురు తీసే హక్కులు ఇచ్చారు. తరువాత సముద్రగర్భంలోని చమురు మాటేమిటన్న వివాదం వచ్చింది. కంపెనీ అదీ తనదేనన్నది, షేఖ్ కాదన్నారు. చివరి తీర్పు బ్రిటిష్ న్యాయమూర్తి లార్డ్ ఆస్క్విత్ చేతిలో పడింది. ఒప్పందం జరిగినది అబూదబీలో, అమలు కావలసినదీ అబూదబీలోనే. కనుక అక్కడి చట్టమే వర్తించాలని ఆయన కూడా ఒప్పుకున్నారు. అయితే ఆ ప్రాంతం ఆదిమ దశలో ఉన్నదనీ, అక్కడి పాలకుడు ఖుర్‌ఆన్ సహాయంతో తన విచక్షణ కొద్దీ న్యాయం చెబుతాడనీ, ఆధునిక వాణిజ్య ఒప్పందాలకు అర్థం చెప్పగల స్థిరమైన న్యాయసూత్రాలు అక్కడ ఉన్నాయనుకోవడం ఊహ మాత్రమేననీ ఆయన రాశారు. నాగరిక దేశాల సామాన్య న్యాయసూత్రాల పేరుతో ఇంగ్లీషు న్యాయసూత్రాలనే చాలావరకు ఆధారం చేసుకున్నారు.

ఫలితంలో షేఖ్‌కు పెద్ద నష్టం జరగలేదు. తీరానికి దగ్గరి జలాల అడుగు భాగం కంపెనీకి వచ్చింది. వాటిని దాటిన కాంటినెంటల్ షెల్ఫ్ షేఖ్‌కే మిగిలింది. గాయపరచినది ఫలితం కాదు, దానికి చెప్పిన కారణం. ఒప్పందపు అర్థాన్ని ఎలా నిర్ణయించాలన్నది ఫుఖహాలు శతాబ్దాలుగా చర్చించిన విషయమే. మజల్లా అచ్చయి అప్పటికి డెబ్బై అయిదేళ్ళు గడిచాయి. రెండేళ్ళ తరువాత, 1953లో, ఖతర్ పాలకునికీ ఒక చమురు కంపెనీకీ మధ్య జరిగిన విచారణలోనూ అదే మాట మళ్ళీ వినిపించింది. ఇటువంటి ఒప్పందానికి అర్థం చెప్పడానికి ఇస్లామీయ చట్టంలో తగిన సూత్రాలు లేవని ఆ మధ్యవర్తి నిర్ణయించారు.

1958, 1963: మూసుకున్న తలుపు

సౌదీ ప్రభుత్వం 1933లో అమెరికన్ కంపెనీకి ఇచ్చిన చమురు హక్కులే తరువాత అరాంకో హక్కులుగా ప్రసిద్ధి చెందాయి. 1954లో ప్రభుత్వం గ్రీకు నౌకాధిపతి ఒనాసిస్‌తో చేసుకున్న ఒప్పందం సౌదీ చమురు రవాణాలో ఆయన ఓడలకు 30 సంవత్సరాల ప్రాధాన్యం ఇచ్చింది. ఇది తన హక్కులకు భంగకరమని అరాంకో వాదించింది. 1958 ఆగస్టులో వెలువడిన అవార్డు అరాంకోకు అనుకూలమైంది. ఈసారి మధ్యవర్తులు ఇస్లామీయ చట్టాన్ని కొట్టిపారేయలేదు. ఒప్పందాన్ని నిలుపుకోవడం హంబలీ ఫిఖ్హ్ ప్రకారం పాలకునికి కూడా విధి అని అంగీకరించారు. కాని చమురు హక్కుల విషయంలో ఆ చట్టంలో ఖాళీలున్నాయని భావించి, వాటిని ఇతర న్యాయసూత్రాలతో, చమురు పరిశ్రమ ఆచారాలతో నింపారు.

ఈ అవార్డు అనంతరం 1963లో సౌదీ మంత్రిమండలి తన 58వ నంబరు తీర్మానం ద్వారా ప్రభుత్వ శాఖలు అనుమతి లేనిదే ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకోరాదని నిషేధించింది. ఈ జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. అయినా తలుపు మూసుకోవడం వల్ల, లోపలివారి వాదన బయటివారికి వినిపించే మార్గం కూడా మూసుకుపోతుంది. 2012 నాటి సౌదీ ఆర్బిట్రేషన్ చట్టం ఎంతో ఆధునికమైనదైనా, ప్రభుత్వ శాఖలకు ముందస్తు అనుమతి కావాలన్న నియమం అందులోనూ కొనసాగింది. సౌదీ అరేబియా న్యూయార్క్ ఒడంబడికలో చేరినది 1994లో. భారతదేశం 1960లోనే చేరింది.

1977: ఒక విద్వాంసుని తీర్పు

లిబియా ప్రభుత్వం జాతీయం చేసిన చమురు హక్కులపై లియాంకో అనే అమెరికన్ కంపెనీ వేసిన కేసులో ఏకైక మధ్యవర్తిగా లెబనాన్ న్యాయశాస్త్రజ్ఞుడు సుబ్హీ మహ్మసానీ వ్యవహరించారు. ఇస్లామీయ న్యాయతత్త్వంపై ప్రామాణిక గ్రంథం రాసిన ఆయనకు యూరపు న్యాయశాస్త్రమూ క్షుణ్ణంగా తెలుసు. 1977లో ఇచ్చిన అవార్డులో ఆయన ఖుర్‌ఆన్, హదీసు, ఫిఖ్హ్ ఆధారాలను ప్రస్తావించి, ఒప్పందం ఉభయులను కట్టివేస్తుందన్న సూత్రం ఇస్లామీయ చట్టానికీ అంతర్జాతీయ న్యాయానికీ సమానమని నిరూపించారు. మాయిదా సూరా మొదటి ఆయతులో ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞ ఉన్నదే కదా! కంపెనీకి సుమారు 8 కోట్ల డాలర్ల పరిహారం ఇప్పించారు. అంటే ముస్లిం ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పడానికి కూడా ఆయన ఇస్లామీయ చట్టాన్నే ఆధారం చేసుకున్నారు. స్వజనులకు వ్యతిరేకమైనా న్యాయం పలకాలన్నదే షరీఅత్ బోధ గనుక, ఇందులో వింత లేదు.

1951కీ 1977కీ మధ్య ధర్మశాస్త్రం మారలేదు. మారినది న్యాయపీఠం మీద కూర్చున్న వ్యక్తి.

నేటి చిక్కులు

మొదటిది, ఏ చట్టం వర్తించాలన్న షరతు. బహ్రెయిన్‌కు చెందిన షామిల్ బ్యాంకు, బంగ్లాదేశ్‌కు చెందిన బెక్సిమ్‌కో కంపెనీల మధ్య ఒప్పందంలో, షరీఅత్ సూత్రాలకు లోబడి ఇంగ్లాండు చట్టం వర్తిస్తుందని రాసుకున్నారు. సొమ్ము చెల్లించవలసి వచ్చినప్పుడు, ఈ లావాదేవీ నిజానికి ముసుగు వేసిన వడ్డీయే గనుక షరీఅత్ ప్రకారం చెల్లదని బాకీదారులే వాదించారు! 2004లో ఇంగ్లాండు అప్పీలు కోర్టు ఆ వాదనను తిరస్కరించింది. కోర్టు వర్తింపజేసేది ఒక దేశపు చట్టాన్నే గాని, ఏ నియమమో చెప్పకుండా పేర్కొన్న షరీఅత్‌ను కాదని దాని అభిప్రాయం. అయితే ఈ కేసు కోర్టులో నడిచినదే గాని ఆర్బిట్రేషన్‌లో కాదు. ఇంగ్లాండు 1996 చట్టంలోని 46వ సెక్షన్, ఉభయులూ ఒప్పుకుంటే, దేశచట్టం కాని నియమాల ప్రకారం కూడా తీర్పు చెప్పే వీలు మధ్యవర్తికి కల్పించింది. భారతదేశపు 1996 చట్టంలోని 28వ సెక్షన్ కూడా అంతర్జాతీయ వాణిజ్య తగాదాలలో ఉభయులు ఎంచుకున్న న్యాయనియమాలను పాటించమంటుంది. కనుక షరీఅత్ అన్న ఒక్క మాట రాసి ఊరుకోక, ఏ ప్రమాణం ప్రకారమో స్పష్టంగా రాసుకోవాలి. ఇస్లామీ బ్యాంకుల ప్రమాణాలు రూపొందించే బహ్రెయిన్ సంస్థ ఆయోఫీ ఆర్బిట్రేషన్‌పై 32వ ప్రమాణాన్ని ప్రకటించింది. కౌలాలంపూర్ కేంద్రం 2012లో ప్రవేశపెట్టిన నియమావళిలో, షరీఅత్ ప్రశ్న తలెత్తినప్పుడు దానిని మధ్యవర్తులు షరీఅత్ మండలికి నివేదించే ఏర్పాటు ఉంది.

రెండవది వడ్డీ. అవార్డులలో అసలుతో పాటు వడ్డీ ఇప్పించడం సాధారణం. సౌదీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం షరీఅత్‌కూ ప్రజావిధానానికీ విరుద్ధమైన భాగాన్ని వేరు చేసి మిగిలినది అమలు జరపవచ్చు. భారత చట్టం 31వ సెక్షన్ అవార్డు తేదీ వరకు వడ్డీ ఇప్పించే అధికారం మధ్యవర్తికి ఇస్తుంది. కాని ఉభయులు వేరుగా ఒప్పుకోనప్పుడే ఆ అధికారం. అంటే వడ్డీ వద్దనుకునే ముస్లిం వ్యాపారి ఆ మాట ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. చట్టం ఇచ్చిన ఈ సౌకర్యాన్ని తెలియక వదులుకుని, తరువాత చట్టాన్ని నిందించడం తగదు.

మూడవది, మధ్యవర్తి ఎవరై ఉండాలన్న ప్రశ్న. 1981 నాటి ఒక వ్యాపార ఒప్పందంలో మధ్యవర్తులందరూ ఇస్మాయిలీ సమాజానికి చెందినవారై ఉండాలన్న షరతు వివాదాస్పదమైంది. 2011లో ఇంగ్లాండు సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. మధ్యవర్తి ఎవరి ఉద్యోగీ కాడు గనుక ఉద్యోగ వివక్షకు సంబంధించిన నిబంధనలు అతనికి వర్తించవని దాని సారాంశం.

మధ్యవర్తి వృత్తి ఒక అమానత్

నేడు ఆర్బిట్రేషన్ పెద్ద వృత్తిగా మారింది. ఒకే న్యాయవాది ఒక కేసులో మధ్యవర్తిగా, మరొక కేసులో వకీలుగా కనిపిస్తాడు. ఒకే కంపెనీ ఒకే మధ్యవర్తిని పదేపదే ఎన్నుకుంటుంది. అందువల్ల తన సంబంధాలన్నీ ముందుగా వెల్లడించడం మధ్యవర్తికి తప్పనిసరి అయింది. 2015లో భారత చట్టానికి చేర్చిన అయిదవ షెడ్యూలు ప్రకారం, గడచిన మూడేళ్ళలో ఒకే పక్షం రెండుసార్లు గాని అంతకు మించి గాని నియమించిన వ్యక్తి నిష్పాక్షికత శంకించదగినదే.

ఈ విషయంలో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఉదంతం స్మరించదగినది. ఆయనకూ హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి)కూ తగాదా వచ్చి, ఇద్దరూ హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఇంటికి వెళ్ళారు. హజ్రత్ జైద్ ఖలీఫాకు తన పక్కన చోటు చూపారు. అదే ఆయన చేసిన మొదటి అన్యాయమని హజ్రత్ ఉమర్ అభ్యంతరం చెప్పి, ప్రత్యర్థి సరసనే కూర్చున్నారు. తరువాత ఖలీఫా చేత ప్రమాణం చేయించకుండా వదిలివేయమని హజ్రత్ జైద్ ఉబైను కోరినప్పుడు కూడా హజ్రత్ ఉమర్ ఆ మినహాయింపును అంగీకరించలేదు. ఉమర్, ఒక సామాన్య ముస్లిం తన దృష్టిలో సమానం కానంతవరకు జైద్ న్యాయాధికారానికి అర్హుడు కాడన్నారు. కూర్చోబెట్టిన చోటు కూడా పక్షపాతమేనన్న ఈ సూక్ష్మదృష్టి కన్నా ఏ షెడ్యూలు ఎక్కువ చెప్పగలదు?

ఈ ఉదంతం ఇమాం బైహఖీ గారి అస్సుననుల్ కుబ్రాలో ఉంది. పది సంపుటాల ఆ గ్రంథాన్ని అచ్చువేసినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. అదే హైదరాబాదులో 2021 డిసెంబరు 18న అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమైంది. గ్రంథమూ, వేదికా ఒకే నగరంలో ఉన్నాయి. అరబీ మదర్సాలో చదివినవారికి ఒప్పంద చట్టం తెలియక, లా కాలేజీలో చదివినవారికి ఫిఖ్హ్ తెలియక ఉన్నంతకాలం మాత్రం ఆ రెండింటి మధ్య దూరం తగ్గదు. మన పిల్లలలో కొందరైనా ఈ రెండు విద్యలనూ నేర్చినప్పుడు, ఇస్లామీయ ధర్మశాస్త్రంలో సూత్రాలు లేవన్న మాటకు న్యాయపీఠం ముందే సమాధానం చెప్పగలుగుతారు.