లోహములకును బడలిక కలదు

ఇనుపతీగెను ఒక్కమారు వంచిన విరుగదు. ఇటునటు పలుమార్లు వంచిన, పెద్దగా బలము చూపకయే రెండు తునుకలగును. ఈ సంగతి మన చిన్న తరగతుల బాలురకును తెలిసినదే. ఒక్కసారి సులభముగా ఓర్చుకొనిన భారమునే మరల మరల మోయుటచే లోహము చీలిపోవుటను లోహపు బడలిక యందురు. ఆ చీలిక మొదట కంటికి కానరాదు. ఏ గీటునొద్దనో, ఏ అతుకునొద్దనో పుట్టి, ప్రతి వంపునకును రవంత పెరిగి, ఒకనాడు హఠాత్తుగా తెగును. మన బడలిక నిద్రచే తీరును. లోహమున కట్టి భాగ్యము లేదు.

1842వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమందు వెర్సాయి నుండి పారిసునకు పోవుచున్న పొగబండి యంత్రపు ఇరుసు విరిగి, ఏబదిమందికి పైగా మరణించిరి. పిమ్మట ప్రష్యా దేశపు రైలు ఇంజనీరగు ఔగుస్ట్ వోలర్ ఇరుసులను తిప్పుచు, వంచుచు, అవి యెన్ని త్రిప్పులకు విరుగునో లెక్కించు యంత్రములను నిర్మించెను. ఒక కుదురు రెండు కొనలకును రెండు మచ్చులను బిగించి, ఒకేసారి పరీక్షించుట ఆయన యంత్రములలోనే కలదు.

ఇరుసు విరిగిన మరియొకటి వేయవచ్చును. మనుష్యుని గుండెలో అమర్చిన లోహము విరిగిన నేమి గతి? గుండె నిమిషమునకు 72 మార్లు కొట్టుకొనునని యెంచినచో, దినమునకు 1,03,680 మార్లు, సంవత్సరమునకు సుమారు 3 కోట్ల 78 లక్షల మార్లు అగును. కావుననే రక్తనాళములలో నుంచు స్టెంటులను పదియేండ్ల జీవితమునకు సరిపడునట్లు 40 కోట్ల మార్లు పరీక్షించు వాడుక యేర్పడినది. గుండె వేగముననే పరీక్షించిన పదియేండ్లు పట్టును. అంతవరకు రోగి యెట్లు నిలుచును? అందుచే సెకనునకు 50 మార్లు కదల్చినచో 80 లక్షల సెకనులలో, అనగా సుమారు 93 దినములలో, పని ముగియును.

కాని ఒక్క మచ్చు చాలదు. ఒకే లోహమునుండి ఒకే రీతిని కోసిన రెండు మచ్చులును ఒకే లెక్కకు విరుగవు. ఒకటి మరియొకదానికంటె పదిరెట్లు నిలుచుటయు కలదు. పండ్రెండింటిని ఒకదాని వెనుక నొకటి పరీక్షించిన మూడేండ్లు దాటును. కావున ఒకే పలకకు పండ్రెండు మచ్చులను వరుసగా బిగించి, విద్యుత్తుచే ఆ పలకను కదలింతురు. ప్రతి మచ్చునకును బలమును కొలుచు సాధనము వేరుగా నుండును. ఒకటి విరిగిన దాని బలము పడిపోవును. యంత్రము ఆ లెక్కను వ్రాసికొని తక్కిన పదునొకండింటిని ఆపక నడపును. మచ్చులన్నియు దేహపు వేడిమియగు 37 డిగ్రీల ఉప్పునీటిలో మునిగియుండును, ఉప్పునీరు లోహమును తినుటయు లెక్కకు రావలెను గదా. నికెలు, టైటానియముల మిశ్రమమగు నైటినాల్ వేడిమి మారినంతనే స్వభావము మార్చుకొనును గనుక, దానికి ఈ జాగ్రత్త మరింత యవసరము.

ఇంత శ్రమ యేలయని యడుగువారు బ్జోర్క్–షైలీ కుంభాకార-పుటాకార కవాటము చరిత్ర నెరుంగవలెను. 1979లో వెలువడిన ఆ గుండె కవాటమును సుమారు 86,000 మందికి అమర్చిరి. అందు బిళ్లను పట్టియుంచు చిన్న కమ్మీ వలయమునకు అతుకబడియుండెను. బిళ్ల మూసికొనునపుడు కమ్మీ కొనను తాకుటచే, అతుకునొద్ద బడలిక చీలికలు పుట్టినవి. ఆరువందలకు పైగా విరిగినవి. విరిగినవారిలో పెక్కుమంది బ్రతుకలేదు. 1986లో అమ్మకము నిలిపివేసిరి. అప్పటికే అమర్చుకొనినవారు మాత్రము తమ గుండెచప్పుడును తామే భయముతో వినుచు కాలము గడుపవలసి వచ్చినది.

మన దేశమున తిరువనంతపురములోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థవారు నిర్మించిన కవాటమునందు, కోబాల్టు, క్రోమియము గల మిశ్రమలోహపు ఒకే ముద్దనుండి వలయమును కమ్మీలను కలిపి చెక్కిరి. అతుకన్నది లేదు. దానిని 1990 డిసెంబరులో మొదటిసారిగా ఒక రోగికి అమర్చిరి.