అమెరికాలో మాజీ సైనికుల వ్యాపారాలకు సర్టిఫికెట్: 51 శాతం వాటా పేరు మీద ఉంటే సరిపోతుందా?

మీరు అమెరికా సైన్యంలో కొన్నేళ్లు పనిచేసి బయటకు వచ్చారనుకుందాం. సర్వీసులో ఉండగా మోకాలికి తగిలిన దెబ్బను మాజీ సైనికుల వ్యవహారాల శాఖ (వీఏ) గుర్తించి, వైకల్య రేటింగ్ ఇచ్చింది. ఒకరోజు ఐటీ కన్సల్టింగ్ కంపెనీ నడిపే స్నేహితుడు ఫోన్ చేశాడు. "51 శాతం వాటా నీ పేరు మీద రాస్తాం. పనంతా మేమే చూసుకుంటాం. గవర్నమెంట్ కాంట్రాక్టులు వస్తే నెలనెలా నీకు కొంత ఇస్తాం" అన్నాడు.

ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే ఏమవుతుంది?

ఇది మనవాళ్లకు సంబంధం లేని విషయం కాదు. గ్రీన్‌కార్డుతోనో, పౌరసత్వం వచ్చాకో అమెరికా సైన్యంలో చేరిన భారతీయులున్నారు. హిందీ, తమిళం వంటి భాషలు తెలిసినవారిని, వైద్య వృత్తిలో ఉన్నవారిని వీసాపై ఉండగానే చేర్చుకుని పౌరసత్వం ఇచ్చిన 'మావ్నీ' పథకం కూడా 2016 వరకు నడిచింది. అలా పనిచేసి వచ్చి సొంత వ్యాపారం పెట్టుకునేవారు ముందుగా తెలుసుకోవాల్సిన సర్టిఫికెట్ ఇది.

ఏమిటీ సర్టిఫికెట్?

సర్వీసు వల్ల వైకల్యం కలిగిన మాజీ సైనికుల చిన్న వ్యాపారాలకు అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు ఇది. పొట్టిగా 'ఎస్‌డీవీఓఎస్‌బీ' అంటారు. ఇది ఉన్న కంపెనీలు, వాటి కోసమే కేటాయించిన ఫెడరల్ టెండర్లలో పోటీ పడొచ్చు. ఫెడరల్ కాంట్రాక్టుల విలువలో ఇలాంటి సంస్థలకు 3 శాతం దక్కాలన్నది పాత లక్ష్యం. 2023 డిసెంబరులో ఆమోదం పొందిన రక్షణ చట్టం దాన్ని 5 శాతానికి పెంచింది.

ఒకప్పుడు వీఏ తన కాంట్రాక్టుల కోసం మాత్రమే కంపెనీలను పరిశీలించేది. మిగతా శాఖల దగ్గర 'మాది మాజీ సైనికుడి కంపెనీ' అని సొంతంగా ప్రకటించుకుంటే సరిపోయేది. 2023 జనవరి 1 నుంచి ఈ బాధ్యత స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ (ఎస్‌బీఏ) చేతికి వచ్చింది. సొంత ప్రకటనల పద్ధతికి 2024లో తెరపడింది. ఇప్పుడు కేటాయించిన టెండరు ఏ శాఖదైనా ఎస్‌బీఏ సర్టిఫికెట్ ఉండాల్సిందే.

ఎవరు అర్హులు?

మొదటిది, మీ సర్వీసు. డీడీ 214 పత్రం ఉండాలి. సైన్యం నుంచి అగౌరవంగా పంపేసినవారికి ఈ అవకాశం లేదు.

రెండోది, వైకల్యం. ఇక్కడే చాలామంది పొరబడతారు. రేటింగ్ ఇంత శాతం దాటాలన్న నిబంధన లేదు. సమస్య సర్వీసు వల్లే వచ్చిందని గుర్తిస్తూ వీఏ 0 శాతం రేటింగ్ ఇచ్చినా మీరు అర్హులే. 'నాకు పరిహారం రావట్లేదు కాబట్టి ఇది నాకు వర్తించదు' అని వదిలేయకండి. మీ లెటర్ తీసి ఒకసారి చూసుకోండి.

మూడోది, వ్యాపారం చిన్నదై ఉండాలి. ఈ పరిమితి రంగాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు, కస్టమ్ సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీల సగటు వార్షిక ఆదాయం 3.4 కోట్ల డాలర్లు దాటకూడదు. మీ కంపెనీపై పట్టున్న వేరే సంస్థలు ఉంటే వాటి ఆదాయాన్నీ కలిపి లెక్కిస్తారు.

నాలుగోది, కనీసం 51 శాతం వాటా అర్హత ఉన్న మాజీ సైనికులకు నేరుగా, ఎలాంటి షరతులూ లేకుండా ఉండాలి.

'నడిపేది ఎవరు?' అన్నదే అసలు పరీక్ష

వాటా ఒక్కటే చాలదు. కంపెనీలో అత్యున్నత పదవి మీదే కావాలి. రోజువారీ పనులైనా, దీర్ఘకాలిక నిర్ణయాలైనా మీ చేతిలోనే ఉండాలి. కంపెనీని అమ్మేయడం, మూసేయడం, కొత్త వాటాదారును చేర్చుకోవడం వంటి కొన్ని అసాధారణ నిర్ణయాల్లో తప్ప, మిగతా భాగస్వాములకు మీ నిర్ణయాన్ని అడ్డుకునే అధికారం ఉండకూడదు. ఎల్ఎల్‌సీ ఒప్పందంలో 'సభ్యులందరూ ఒప్పుకుంటేనే' అనే ఒక్క వాక్యం దొర్లినా దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు.

జీతాలు కూడా చూస్తారు. మీకన్నా భాగస్వామి ఎక్కువ తీసుకుంటుంటే ఎందుకో చెప్పాలి.

మరి వేరే ఉద్యోగం చేస్తూ కంపెనీ నడపొచ్చా? నేరుగా నిషేధం లేదు. కానీ ఆ రంగంలో మామూలుగా పనిచేసే వేళల్లో మీరు కంపెనీకి అందుబాటులో లేకపోతే, కంపెనీ మీ నియంత్రణలో లేదనే ఎస్‌బీఏ భావిస్తుంది. అలా కాదని ఆధారాలతో చూపించాల్సిన బాధ్యత మీదే.

భార్య లేదా భర్తకు హక్కు ఉంటుందా?

కొన్ని సందర్భాల్లో ఉంటుంది. శాశ్వతమైన, సంపూర్ణ వైకల్యం వల్ల మాజీ సైనికుడు స్వయంగా కంపెనీని నడపలేకపోతే జీవిత భాగస్వామి గానీ, శాశ్వత సంరక్షకులు గానీ నడపొచ్చు. మాజీ సైనికుడు చనిపోయాక కూడా వాటాను వారసత్వంగా పొందిన భార్య లేదా భర్త నిర్ణీత కాలం పాటు అర్హతను కొనసాగించుకోవచ్చు. 100 శాతం రేటింగ్ ఉన్నా, సర్వీసు వైకల్యం వల్లే మరణించినా ఆ గడువు గరిష్ఠంగా 10 ఏళ్లు. మళ్లీ పెళ్లి చేసుకున్నా, వాటా వదులుకున్నా అర్హత అక్కడితో ముగుస్తుంది.

దరఖాస్తు ఎలా?

ముందుగా ప్రభుత్వ కాంట్రాక్టర్ల వెబ్‌సైటు 'సామ్ డాట్ గవ్'లో కంపెనీని నమోదు చేయాలి. తర్వాత ఎస్‌బీఏ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కంపెనీ స్థాపన పత్రాలు, భాగస్వామ్య ఒప్పందం, వాటాల వివరాలు, మీ అనుభవాన్ని తెలిపే రెజ్యూమె, అవసరమైన లైసెన్సులు దగ్గర పెట్టుకోండి. అన్నిచోట్లా మీ పేరు ఒకేలా ఉందో లేదో సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక ఉండటం మనవాళ్లకు మామూలే కదా.

నమోదుకు గానీ, దరఖాస్తుకు గానీ ప్రభుత్వం ఫీజు తీసుకోదు. 'డబ్బు కడితే సర్టిఫికెట్ గ్యారంటీ' అని ఎవరైనా అంటే నమ్మకండి. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. మధ్యలో వాటాలు, పదవులు మారితే 30 రోజుల్లోగా ఎస్‌బీఏకు తెలపాలి.

సర్టిఫికెట్ వస్తే కాంట్రాక్టు వచ్చినట్టేనా?

కాదు. అది పోటీలోకి దారి మాత్రమే. ధర, అనుభవం, సామర్థ్యం చూపించి గెలవాల్సిందే. అయితే వీఏ దగ్గర అవకాశం కాస్త ఎక్కువ. సరైన ధరకు పనిచేయగల మాజీ సైనికుల కంపెనీలు కనీసం రెండు పోటీకి వస్తాయనుకుంటే, ఆ టెండరును వాటికే కేటాయించాలి. ఈ నిబంధనను వీఏ పాటించి తీరాలని 2016లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

గెలిచాక పని మొత్తం వేరేవాళ్లకు ఇచ్చేయడమూ కుదరదు. సేవల కాంట్రాక్టుల్లో, ఇలాంటి సర్టిఫికెట్ లేని సబ్‌కాంట్రాక్టర్లకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ములో సగానికి మించి చెల్లించకూడదు.

పేరు మాత్రమే ఇస్తే?

ఇప్పుడు స్నేహితుడి ఫోన్ సంగతికి వద్దాం. పేరు మీది, పెత్తనం ఆయనది అయితే అది భాగస్వామ్యం కాదు, మోసం. అబద్ధపు హోదా చూపించి కాంట్రాక్టు పొందితే 5 లక్షల డాలర్ల వరకు జరిమానా, పదేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు. 'పని చేసి ఇచ్చాం కదా' అనే వాదనా నిలబడటం కష్టం. ఆ కాంట్రాక్టుపై ప్రభుత్వం ఖర్చుపెట్టిన సొమ్మంతా నష్టం కిందే లెక్కేసే వీలుంది. టెండరులో ఓడిన కంపెనీ ఫిర్యాదు చేసినా పరిశీలన మొదలవుతుంది. అప్పుడు ముందుగా ప్రశ్నించేది 51 శాతం వాటాదారైన మిమ్మల్నే.

స్నేహితుడితో కలిసి వ్యాపారం చేయడంలో తప్పు లేదు. మరి సంతకం పెట్టే ముందు ఆయన్ను ఒక్క మాట అడగండి: "రేపు మన ఇద్దరికీ మాట తేడా వస్తే, కంపెనీలో చివరి మాట ఎవరిది?" జవాబు 'నీదే' అని కాగితం మీదా, ఆచరణలోనూ ఉంటేనే ముందుకెళ్లండి.