బోటుకు రెండు బ్యాటరీలు ఎందుకు?

ఇంటర్ క్లాసులో ఎలక్ట్రోకెమిస్ట్రీ చెబుతుంటే, విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గరనుంచి వచ్చే కుర్రాడు లేచాడు. "సార్, మా నాన్న బోటులో రెండు బ్యాటరీలున్నాయి. రెండూ 12 వోల్టులే. ఒకటి సెల్ఫ్ కొట్టడానికే, దాంతో లైట్లు వెయ్యొద్దంటాడు. ఎందుకని?" పాఠ్యపుస్తకంలో సమీకరణం ఉంది కానీ ఈ జవాబు లేదు. జవాబంతా ప్లేట్ల మందంలో ఉంది. ఆ ప్లేట్ల కథ 1859లో ఫ్రాన్స్‌లో మొదలైంది.

ఫ్రెంచ్ శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రెండు సీసం రేకులు తీసుకుని, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో రబ్బరు పట్టీలు పెట్టి, చాపలా చుట్టి, పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచాడు. కరెంటు ఎక్కించాడు, దించాడు, మళ్ళీ ఎక్కించాడు. ఎన్నిసార్లు చేస్తే రేకు పైపొర అంత గుల్లబారి, అంత ఎక్కువ చార్జి పట్టింది. పనికొచ్చే డైనమోలు అప్పటికి లేవు, కాబట్టి ఇదంతా మామూలు సెల్‌లతోనే చెయ్యాల్సి వచ్చింది. ఎంత ఓపికో ఊహించుకోండి! 1881 నాటికి కమిల్ ఫోర్ ఆ ఓపిక అక్కర్లేకుండా చేశాడు. సీసం ఆక్సైడ్‌ను ముద్దగా కలిపి ప్లేటుకు పూసేశాడు. ఆ ఏడాదే ఫోర్ బ్యాటరీ ఒకటి చార్జి నింపుకుని పారిస్ నుంచి గ్లాస్గోలోని భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ దాకా ప్రయాణం చేసింది. విద్యుత్తును పెట్టెలో పెట్టి దేశం దాటించవచ్చని లోకం అప్పుడు చూసింది. ముద్ద రాలిపోకుండా సీసంలో యాంటిమొనీ కలిపిన జల్లెడ చట్రాలు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. బోటులోని బ్యాటరీకి నేటికీ మూలరూపం అదే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఆ పెట్టెలోని రసాయనం. పాజిటివ్ ప్లేటు మీద ముదురు గోధుమరంగు లెడ్ డయాక్సైడ్, నెగెటివ్ ప్లేటు మీద బూడిదరంగు గుల్ల సీసం. కరెంటు వాడుకుంటుంటే రెండూ ఒకే పదార్థంగా, లెడ్ సల్ఫేట్‌గా మారిపోతాయి. ఆ సల్ఫేట్ వచ్చేది యాసిడ్‌లోంచే, మిగిలేది నీళ్ళు. దీన్ని 1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే రసాయన శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు. చాలా సెల్‌లలో ద్రవం అయాన్లకు దారి మాత్రమే. ఇక్కడ ద్రవమే ఖర్చవుతుంది. అందుకే హైడ్రోమీటర్‌తో యాసిడ్ సాంద్రత చూస్తే బ్యాటరీలో ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. నిండుగా ఉంటే 1.265 దాపు (మనలాంటి వేడి దేశాల్లో యాసిడ్ కొంచెం పలచగా పోస్తారు, 1.240 దాకా), ఖాళీ అయితే 1.12 దరిదాపుల్లో. వోల్ట్‌మీటర్ మీద చూసేవాళ్ళు కొన్ని గంటలు వాడకుండా ఉంచి చూడాలి. 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12 కన్నా దిగితే చార్జింగ్ పెట్టేయాల్సిందే.

బ్యాటరీలోని ఒక్కో సెల్ రమారమి 2.1 వోల్టులిస్తుంది. అందులో 1.7కు పైగా ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం చలవేనని 2011లో రాజీవ్ అహూజా, పెక్క ప్యూక్కొ బృందం లెక్కకట్టి చూపింది. సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లున్నాయి. ఆ ఆకర్షణకు లోపలి ఎలక్ట్రాన్లు కాంతివేగంలో దాదాపు 60 శాతం వేగంతో తిరుగుతాయి. ఆ ప్రభావం వోల్టేజీ దాకా వస్తుంది. పీరియాడిక్ టేబుల్‌లో సీసం పైనే ఉన్న తగరంలో ఈ ప్రభావం తక్కువ, దానితో ఇలాంటి బ్యాటరీ కుదరకపోవడానికి కారణం ఇదే. హార్బర్‌లో సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ జరిగేది ఇదేనని చెబితే క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

సీసం ఇంజన్ల పక్కన స్థిరపడటానికి ఒక పోటీ కారణం. 1901 నుంచి ఎడిసన్ నికెల్-ఐరన్ బ్యాటరీతో సీసాన్ని వాహనాల్లోంచి తరిమేయాలని చూశాడు. తొలి బ్యాటరీలు లీకైతే వెనక్కి తీసుకుని, ఏళ్ళ తరబడి మళ్ళీ పనిచేశాడు. చివరకు తయారైనది మహా మొండిది. పూర్తిగా దించేసినా, ఎక్కువ చార్జి చేసినా తట్టుకుంటుంది. కానీ దాని లోపలి నిరోధం ఎక్కువ. 1912లో కెటరింగ్ అనే ఇంజనీరు చేసిన సెల్ఫ్ మోటారు కాడిలాక్ కారులోకి వచ్చింది. దానికి కావలసింది కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు. ఆ ఊపు ఎడిసన్ బ్యాటరీలో లేదు, సీసంలో ఉంది. ఓర్పులో ఎడిసన్‌దే పైచేయి అని నేనిప్పటికీ అంటాను. ఇంజన్ దగ్గర మాత్రం సీసమే గెలిచింది.

కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఒక్కసారిగా అంత కరెంటు రావాలంటే యాసిడ్‌కు తగిలే ఉపరితలం ఎక్కువ కావాలి, అంటే పలచని ప్లేట్లు చాలా ఉండాలి. లైట్లు, జీపీఎస్, ఎకో సౌండర్, వైర్‌లెస్ సెట్ లాగేది కొద్దికొద్దిగా, రాత్రంతా. దానికి మందపాటి ప్లేట్లు కావాలి. మన ఇళ్ళలో ఇన్వర్టర్‌కు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ ఆ జాతిదే. పలచని ప్లేట్లను రోజూ అడుగంటా వాడితే పూత రాలి అడుగున పేరుకుంటుంది. ఇక సెల్ఫ్, లైట్లు రెండూ ఒకే బ్యాటరీ మీద నడిపితే, తెల్లారి వల లాగేవేళకు నడిసముద్రంలో ఇంజన్ లేవదు. అందుకే రెండు బ్యాటరీల మధ్య స్విచ్ ఉండాలి. ఇంజన్ నడుస్తుంటే డైనమో రెండిటికీ చార్జి ఇవ్వాలి, ఇంజన్ ఆపగానే రెండూ విడిపోవాలి.

బోటు అడుగున నీళ్ళు చేరే చోట బ్యాటరీ పెట్టకూడదు. ఉప్పునీరు బ్యాటరీలోకి వెళ్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. యుద్ధకాలపు సబ్‌మెరీన్లలో నావికులు దీనికి వణికిపోయేవాళ్ళు. కాబట్టి ఎత్తున, ప్లాస్టిక్ ట్రేలో, కదలకుండా బెల్టు బిగించి పెట్టాలి. చార్జి చివర్లో హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు, కనుక పైన గాలి పోయే దారి ఉండాలి. ఆవిరయ్యేదీ, వాయువుగా పోయేదీ నీళ్ళే, యాసిడ్ కాదు. పూర్తిగా చార్జి చేశాక డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యాలి, మినరల్ వాటర్ కూడా పనికిరాదు. టెర్మినళ్ళకు పొడి పడితే వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరాక వాసెలిన్ రాయాలి. సముద్రం బ్యాటరీకి ఒక మేలు కూడా చేస్తుంది. కదలకుండా ఉంటే బరువైన యాసిడ్ అడుగుకు దిగుతుంది, బోటు ఊగుతుంటే అది కలుస్తూనే ఉంటుంది.

అసలు ప్రమాదం వేట నిషేధంలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, నడివేసవిలో 61 రోజులు బోట్లు కట్టేసి ఉంటాయి. వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే దిగుతుంది, ఎండకు ఇంకా త్వరగా. అలా వదిలేస్తే సన్నని సల్ఫేట్ పొడి, పాకంలో పటికబెల్లం పలుకులు పెరిగినట్టు, గట్టి స్ఫటికాలవుతుంది. తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా కరగదు. వలలు బాగుచేసుకునే ఆ రెండు నెలల్లో బ్యాటరీలను విప్పి, నిండా చార్జి చేసి నీడన ఉంచండి. నెలకోసారి మళ్ళీ చార్జి చెయ్యండి.

లిథియం బ్యాటరీలు బోట్ల దాకా వస్తున్నాయి, తేలిక, ఎక్కువ కాలం మన్నుతాయి. సీసం ఇప్పుడిప్పుడే పోదు. చచ్చిన బ్యాటరీని కరిగించి కొత్తది చెయ్యవచ్చు, అది దాని గొప్పతనం. కానీ పెరట్లో కరిగిస్తే ఆ పొగలోని సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. యాసిడ్ హార్బర్ నీళ్ళలో పారబోయకండి. పాత బ్యాటరీని విప్పకుండా, ఒంపకుండా, కొత్తది కొన్న డీలర్‌కే తిరిగి ఇవ్వండి.