ఏడో తరగతి మెదడుకు ఏం కావాలి?

ఆరో తరగతిలో అడుగుపెట్టగానే ఐఐటి ఫౌండేషన్ పుస్తకాలు చేతికివ్వడం తెలుగు రాష్ట్రాల్లో చాలా ప్రైవేటు స్కూళ్లకు మామూలైపోయింది. లెక్కలు, సైన్సు పీరియడ్లు పెరుగుతాయి. ఆ సమయాన్ని ఆటల పీరియడ్‌లోంచి, డ్రాయింగ్‌లోంచి, చివరికి పిల్లల నిద్రలోంచి తీసుకుంటారు. ముందు చదువు, తీరిక ఉంటే తక్కినవి అన్నది దీని వెనకున్న లెక్క. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల శరీరం గురించి, మెదడు గురించి గత ముప్పై ఏళ్లలో తేలిన సంగతులు చూస్తే ఆ లెక్క మొదట్లోనే తప్పిందనిపిస్తుంది. నిద్ర, ఆట, స్నేహం, పెద్దల నమ్మకం ఈ వయసులో చదువుకు అడ్డం కాదు. చదువు తలకెక్కేదే వాటి మీదుగా.

అన్నిటికంటే తేలిగ్గా కోసేసేది నిద్ర గనక దాన్నే ముందు చూద్దాం. చీకటి పడ్డాక మెదడు మెలటోనిన్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది, అప్పుడు నిద్ర ముంచుకొస్తుంది. యుక్తవయసు మొదలయ్యాక ఈ విడుదల రాత్రి ఇంకాస్త ఆలస్యంగా జరుగుతుందని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్‌కాడన్ పరిశోధనలు చూపించాయి. పన్నెండేళ్ల పిల్లాడు పదింటికి కూడా కళ్లు మూయకపోతే అది మొండితనమూ కాదు, ఫోన్ తప్పు ఒక్కటే కూడా కాదు. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 6-12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు, 13-18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలంటోంది. రాత్రి పదింటిదాకా స్టడీ అవర్ పెట్టి పొద్దున్న ఐదింటికి లేపే హాస్టల్లో, పక్క మీద వాలగానే నిద్రపట్టినా దక్కేది ఏడు గంటలే. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంగా స్థిరపడటానికి నిద్ర ఎంతో ముఖ్యం. అంటే ఆఖరి స్టడీ అవర్‌లో చదివించిన దాన్ని నిలబెట్టాల్సిన గంటల్నే ఆ స్టడీ అవర్ మింగేస్తోంది.

ఇక మెదడు సంగతి. మెదడు పరిశోధకుడు జే గీడ్ బృందం పిల్లలకు ఏళ్ల తరబడి ఎంఆర్‌ఐ స్కాన్లు తీసి 1999లో ఫలితాలు ప్రచురించింది. నుదుటి వెనక భాగంలో బూడిదరంగు పదార్థం సగటున ఆడపిల్లల్లో 11 ఏళ్లు, మగపిల్లల్లో 12 ఏళ్ల దాకా పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. వాడుకలో ఉన్న నాడీ బంధాలు బలపడి, వాడనివి రాలిపోవడం ఇందుకు ఒక కారణమని శాస్త్రవేత్తల అంచనా. అలాగైతే ఇప్పుడే లెక్కలు గట్టిగా రుద్దితే ఆ బంధాలే మిగులుతాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఏ సిలబస్ మంచిదో స్కాన్ చెప్పదు. పైగా ఆ భాగం చేసే పని ఆగి ఆలోచించడం, ముందుచూపుతో ఒక పద్ధతి వేసుకోవడం, కోపాన్ని పట్టుకోవడం. నాలుగు ఆప్షన్లలో తెలిసిన నమూనాను గుర్తుపట్టడంలో దీనికి దొరికే సాధన తక్కువ. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఎంత లోపలికి పోవాలో, ఎప్పుడు వెనుదిరగాలో క్షణంలో తేల్చుకుంటాడు. సైన్సు ప్రాజెక్టు మధ్యలో తగవుపడిన ఇద్దరు మళ్లీ కలిసి పని ముగిస్తారు. అసలు సాధన అక్కడుంది.

ఇదే వయసులో ఆడపిల్లలకు నెలసరి మొదలవుతుంది, మగపిల్లల గొంతు మారుతుంది, నలుగురిలో తమ రూపం మీద దిగులు పుడుతుంది. సరిగ్గా అప్పుడే బడి కట్టుబాట్లు బిగిస్తుంది. అమెరికా పిల్లల్లో ఈ దశలో చదువు మీద ఆసక్తి ఎందుకు సడలుతుందో పరిశీలించిన జాక్వెలిన్ ఎక్లెస్, 1993లో లోపాన్ని ఒక్క వయసుకే అంటగట్టలేదు. స్వేచ్ఛ కోరుకునే వేళ అదుపు పెరగడం, దన్ను కావలసిన వేళ టీచరు దూరమవడం అనే పొంతన లేనితనాన్ని ఎత్తిచూపారు. మన దగ్గర ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ఆరు నుంచి పన్నెండు తరగతుల విద్యార్థులు 3.79 లక్షల మందిని అడిగితే, ఆందోళనకు కారణాలుగా ఎక్కువగా చెప్పినవి చదువు, పరీక్షలు, ఫలితాలే.

పోటీ ఇంత తీవ్రంగా ఉన్నప్పుడు మనసు, స్నేహం అంటూ కూర్చుంటే పిల్లలు వెనకబడరా అన్నది తల్లిదండ్రుల నిజమైన భయం. దాన్ని కొట్టిపారేయలేం. భావోద్వేగాలను, తోటివారితో మెలగడాన్ని నేర్పే 213 బడి కార్యక్రమాలను, 2.7 లక్షల మంది విద్యార్థుల వివరాలను కలిపి పరిశోధకుడు డర్లక్ బృందం 2011లో విశ్లేషించింది. ఆ శిక్షణ పొందినవారు చదువులో సగటున 11 పర్సెంటైల్ పాయింట్లు ముందున్నారు. అన్ని కార్యక్రమాలూ ఒకే తీరుగా పనిచేయలేదు, శ్రద్ధగా నడిపినవే ఎక్కువగా ఫలించాయి. అయినా ఆ సమయం వృథా అన్న మాటకు ఇందులో ఆధారం కనిపించదు.

పూట గడవడమే కష్టమైన ఇళ్లలో ఇదంతా ఎక్కడ కుదురుతుందన్నది ఇంకో అభ్యంతరం. అక్కడ బడి బాధ్యత మరింత పెరుగుతుంది. మధ్యాహ్న భోజనంలోని గుడ్డు, వారానికో ఐరన్ మాత్ర కూడా చదువులో భాగమే, ఎందుకంటే రక్తహీనత ఉన్న పిల్ల అలసిపోతుంది, పాఠం మీద ధ్యాస నిలపలేదు. తక్కినవాటికి పెద్ద ఖర్చూ లేదు. పీఈటీ పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించకుండా ఉండటానికి, రాత్రి స్టడీ అవర్‌ను గంట ముందే ముగించడానికి హెడ్‌మాస్టరు టైంటేబుల్ మారిస్తే చాలు. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కంటే ముందు తల్లిదండ్రులు అడగాల్సింది ఆ టైంటేబుల్ గురించే.