మా మావయ్య ఇంటి గోడ ఎందుకు పగిలింది? | రాయి, వాన, నల్లరేగడి

ఇవాళ హనుమాన్ జంక్షన్ సెంటర్‌లో ఉన్నాను. ఇక్కడి నుంచి నూజివీడు వైపు వెళ్తే ఎర్ర నేల, మామిడి తోటలు. గుడివాడ వైపు దిగితే నల్లరేగడి, వరి చేలు. నాకు ఆ నల్లమట్టితో పాత గొడవ ఒకటి ఉంది.

గుడివాడ వైపు మా మావయ్య ఇల్లు కట్టించారు. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి గోడలో వేలు దూరేంత పగులు. తప్పంతా తాపీమేస్త్రీదే అన్నాం. ఆయనకి రావాల్సిన ఆఖరి డబ్బులు కూడా ఆపేశాం.

అసలు సంగతి ఏంటంటే, ఈ మట్టిలో చాలా భాగం ఇక్కడ పుట్టింది కాదు, కృష్ణ మోసుకొచ్చింది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట మహారాష్ట్ర ప్రాంతంలో లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టింది. ఆ రాయే బసాల్ట్. కృష్ణ పుట్టే మహాబలేశ్వరం కొండలు కూడా అవే.

వాన నీరు గాల్లో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని పల్చటి ఆమ్లం అవుతుంది. మన గోలీసోడా లాగే, కాకపోతే ఇంకా చాలా పల్చన. అది రాతిని మెల్లగా కరిగిస్తుంది. దీన్నే కెమికల్ వెదరింగ్ అంటారు. వేడి ఉంటే ఈ పని స్పీడు పెరుగుతుంది. కరిగిన సరుకు అక్కడే ఉంటుందా, కొట్టుకుపోతుందా అన్నది చాలావరకు వాన తేలుస్తుంది.

మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటి పడుతుంది. అలాంటి వానలకి లక్షల ఏళ్లలో కాల్షియం, మెగ్నీషియం, సిలికా చాలావరకు కడుక్కుపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలాయి. కొండ మీద కనిపించే ఎర్ర లాటరైట్ అదే. కొండ దిగి తూర్పుకి వస్తే వాన 1,000 మిల్లీమీటర్లు కూడా ఉండదు. రాయి అదే బసాల్ట్! కానీ కడిగెయ్యడానికి చాలినన్ని నీళ్లు లేవు. మిగిలిపోయిన మెగ్నీషియం, సిలికాతో స్మెక్టైట్ అనే బంకమన్ను తయారైంది. రేగడి గుణమంతా దానిదే.

స్మెక్టైట్ పేకముక్కల కట్ట లాంటిది. పొరల మధ్యకి నీళ్లు దూరితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఏప్రిల్‌లో చేలు నెర్రెలు విచ్చేది అందుకే. ఇంటి కింద కూడా అదే మట్టి కదా! ఇలాంటి నేలకి, అడుగున లావుగా ఉబ్బినట్టుండే అండర్‌రీమ్డ్ పైల్స్ వేసి, తేమ అంతగా మారని లోతు దాకా దించుతారు. మావయ్య ఇంటికి వేసింది మూడడుగుల పునాది. అది చాలని చెప్పింది మేస్త్రీ కాదు, ఖర్చు తగ్గుతుందని మేమే.

ఆయన బాకీ ఇంకా అలాగే ఉంది. ఈ ఎపిసోడ్ లింకు ముందు మావయ్యకే పంపిస్తున్నా.